పాప వీపు మీద పెద్ద పుట్టుమచ్చ: ఆపరేషన్ ఇప్పుడే చేయించాలా, ఆగాలా?

ప్రశ్న: ఉప్పల్ నాన్న

అందరికీ నమస్కారం. మాకు పాప పుట్టి రెండు నెలలైంది. పుట్టినప్పుడే వీపు పైభాగం నుంచి ఎడమ భుజం వరకు ముదురు గోధుమ రంగులో, అక్కడక్కడ బాగా నల్లగా, ఒక పెద్ద పుట్టుమచ్చ ఉంది. పొడవు 11 సెం.మీ., వెడల్పు 8 సెం.మీ. వరకు ఉంటుంది. దాని మీద నూగు వెంట్రుకలు ఉన్నాయి, తాకితే అక్కడి చర్మం మందంగా తగులుతుంది. ఇవి కాక తొడల మీద, పొట్ట మీద కందిగింజంత మచ్చలు ఒక్కొక్కటిగా కొత్తవి కనిపిస్తున్నాయి. పాప పాలు బాగానే తాగుతోంది, బరువు కూడా పెరుగుతోంది.

మేము చూపించిన ప్లాస్టిక్ సర్జన్లలో ఒకరు, ఆరు నెలలు నిండగానే మొదలుపెడితే చర్మం బాగా సాగుతుంది కనుక ఆలస్యం చేయవద్దన్నారు. ఇంకొకరు, ఇంత పెద్ద మచ్చను పూర్తిగా తీయడం సాధ్యం కాదు, గమనిస్తూ ఉంటే చాలునన్నారు. ఒక కాస్మెటిక్ క్లినిక్‌లో మాత్రం లేజర్‌తో మచ్చ మొత్తం పోతుందని చెప్పి, అడ్వాన్సు కడితే తేదీ ఇస్తామన్నారు. ముగ్గురూ మూడు రకాలుగా చెబితే మేము ఎవరి మాట వినాలో తెలియడం లేదు.

ఇంట్లో పరిస్థితి కూడా చెప్పాలి. గ్రహణం రోజు కోడలు బయట తిరిగినందువల్లే ఇలా జరిగిందని మా అమ్మ నమ్ముతోంది. ఆడపిల్ల కాబట్టి ఊహ తెలియకముందే తీయించేయాలని బంధువులందరూ అంటున్నారు. ఈ మాటలు విని నా భార్య కుమిలిపోతోంది. ఇది క్యాన్సర్ అవుతుందా? తీయిస్తే ఆ భయం ఉండదా? పసిబిడ్డకు మళ్ళీ మళ్ళీ మత్తు ఇవ్వడం మంచిదేనా? అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: ప్లాస్టిక్ సర్జన్, సికింద్రాబాద్

పాపను చూడకుండా చికిత్స చెప్పడం సరికాదు. అయితే మీరు రాసిన వివరాలను బట్టి కొన్ని విషయాలు స్పష్టంగా చెప్పవచ్చు.

ముందుగా మీ భార్య గురించి. ఇటువంటి మచ్చలకు గ్రహణంతో గాని, తల్లి తిన్నదానితో గాని, తిరిగిన చోటుతో గాని ఏ సంబంధమూ లేదు. గర్భంలో బిడ్డ రూపుదిద్దుకుంటున్న తొలి నెలల్లో, చర్మానికి రంగునిచ్చే కణాలుగా మారవలసిన ఒకానొక కణంలోని జన్యువులో, చాలా సందర్భాల్లో ఎన్‌.ఆర్‌.ఏ.ఎస్. అనే జన్యువులో, దానంతట అదే ఒక మార్పు వస్తుంది. ఆ కణం నుంచి పుట్టిన కణాలన్నీ ఒకచోట పేరుకుని ఈ మచ్చగా కనిపిస్తాయి. సాధారణంగా ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చేది కాదు, ఎవరూ ఆపగలిగేదీ కాదు. ఈ మాట మీ అమ్మగారి ఎదుటే, వీలైతే డాక్టర్ నోటితోనే, చెప్పించండి. మీ భార్యకు ఇది మందుకన్నా అవసరం.

ఇక మచ్చ పరిమాణం. పాపతోపాటే మచ్చ కూడా పెరుగుతుంది. పుట్టినప్పుడు ఒంటి మీద ఉన్న మచ్చ పెద్దయ్యేసరికి సుమారు మూడింతలవుతుంది, తల మీదిదైతే రెండింతలకు కొంచెం తక్కువగా పెరుగుతుంది. పెద్దయ్యాక 20 సెం.మీ. దాటుతుందనుకున్న మచ్చను మేము పెద్ద మచ్చగానూ, 40 సెం.మీ. దాటేదాన్ని అతిపెద్ద మచ్చగానూ లెక్కిస్తాము. ఆ లెక్కన మీ పాపది 30 సెం.మీ. దాటవచ్చు. చిన్న పుట్టుమచ్చలు నూటికి ఒక బిడ్డలో కనిపిస్తే, ఇంత పెద్దవి సుమారు 20,000 మందిలో ఒకరికి వస్తాయి. చాలామంది పిల్లల వైద్యులు తమ వృత్తి జీవితంలో వీటిని వేళ్ళమీద లెక్కపెట్టగలిగినన్నే చూస్తారు. మీకు మూడు రకాల సలహాలు రావడానికి ఇది కూడా ఒక కారణం.

ఇప్పుడు ఆపరేషన్ కన్నా ముందు చేయవలసిన పని ఒకటుంది, అది మీ ప్రశ్నలో ఎక్కడా కనబడలేదు. పాప మెదడుకూ వెన్నుకూ ఎం.ఆర్‌.ఐ. తీయించండి. ఒంటి మీద ఒకటికన్నా ఎక్కువ మచ్చలు పుట్టుకతో ఉన్న పిల్లల్లో, కొద్దిమందికి అవే రంగు కణాలు మెదడులోనూ, దాని పొరల్లోనూ ఉంటాయి. వాటివల్ల మూర్ఛలు రావడం, తలలో నీరు చేరడం, ఎదుగుదల మందగించడం జరగవచ్చు. వయసు పెరిగేకొద్దీ మెదడులోని నరాల మీద కొవ్వు పొర ఏర్పడి, ఆ కణాలు స్కాన్‌లో సరిగా కనిపించవు. అందుకే ఈ పరీక్షను మొదటి నాలుగు నుంచి ఆరు నెలల్లోపు చేయిస్తారు. రెండు నెలల బిడ్డకు చాలాసార్లు మత్తు కూడా అవసరం ఉండదు. కడుపునిండా పాలు పట్టి, మెత్తని గుడ్డలో గట్టిగా చుట్టి, చెవులకు శబ్దం సోకకుండా రక్షణ పెట్టి నిద్రపుచ్చితే, ఆ నిద్రలోనే స్కాన్ పూర్తవుతుంది. ఈ పద్ధతి అలవాటున్న కేంద్రాన్ని అడిగి ఎంచుకోండి.

క్యాన్సర్ గురించి దాచకుండా చెబుతాను. చిన్న, మధ్యస్థ మచ్చల్లో మెలనోమా అనే చర్మ క్యాన్సర్ వచ్చే అవకాశం జీవితకాలంలో ఒక శాతంలోపే. పెద్ద మచ్చల్లో అది రెండు నుంచి ఐదు శాతం వరకు ఉంటుందని అంచనా. 40 సెం.మీ. దాటి, చుట్టూ చిన్న మచ్చలు ఎన్నో ఉన్నవారిలో ప్రమాదం ఎక్కువ. పెద్ద మచ్చల్లో వచ్చే మెలనోమాల్లో గణనీయమైన భాగం చిన్నతనంలోనే వస్తుంది. అంటే నూటికి 95 మందికి పైగా పిల్లలకు అది రాదు. అయినా ఆ కొద్ది శాతాన్ని తేలిగ్గా తీసుకోకూడదు కనుకనే జీవితాంతం గమనిస్తూ ఉండమంటాము.

ఆపరేషన్‌తో ఆ భయం పూర్తిగా పోతుందా అంటే, పోదు. పెద్ద మచ్చల కణాలు చర్మం కింది కొవ్వులోకీ, కొన్నిసార్లు కండరం వరకూ దిగి ఉంటాయి. పైన కనిపించే మచ్చ అంతా తీసినా అడుగున కొన్ని మిగులుతాయి. పైగా ఈ పిల్లల్లో వచ్చే మెలనోమా కొన్నిసార్లు చర్మంలో కాక మెదడులో మొదలవుతుంది. అందువల్ల క్యాన్సర్ భయం ఒక్కదాని కోసమే ఆపరేషన్ చేయిద్దామని ఇవాళ నేను ఏ తల్లిదండ్రులకూ చెప్పను. మచ్చ ముఖం మీద ఉండి బిడ్డ బతుకును కుంగదీసేటట్లుంటేనో, చర్మం పదే పదే చిట్లి పుండు పడుతుంటేనో, గమనించడానికి వీలుకానన్ని గడ్డలూ మడతలూ ఉంటేనో ఆపరేషన్‌కు బలమైన కారణం ఉన్నట్టు.

చేయాలనుకుంటే పద్ధతులు మూడు. మచ్చను కొంత కొంతగా కోసి, రెండు అంచులనూ దగ్గరకు లాగి కుట్టి, చర్మం సాగేందుకు కొన్ని నెలలు ఆగి మళ్ళీ కోయడం ఒకటి. మచ్చ మరీ వెడల్పు కానప్పుడు నాకు ఇదే ఇష్టం. మచ్చ పక్కనున్న మంచి చర్మం కింద సిలికాన్ బెలూన్ అమర్చి, దానిలో వారం వారం సెలైన్ నింపి, రెండు మూడు నెలల్లో సాగిన ఆ చర్మాన్ని మచ్చ తీసిన చోటుకు జరపడం రెండోది. తలకూ, వీపుకూ ఇది బాగా పనికొస్తుంది. చేతులకూ కాళ్ళకూ అంత అనుకూలం కాదు, చీము పట్టే అవకాశం అక్కడ ఎక్కువ. వేరేచోటి చర్మం తెచ్చి అతికించడం మూడోది. అతికించిన చర్మం బిగుసుకుపోతుంది, రంగు కలవదు, బిడ్డతోపాటు సరిగా పెరగదు. వీపు మీద దీనికి తొందరపడవద్దు. పుట్టిన మొదటి రెండు వారాల్లో మచ్చ పైపొరను గీకి తీసే పద్ధతి కూడా ఉంది కాని, మీ పాపకు ఆ వయసు దాటిపోయింది. దానిలోనూ రంగు తిరిగి రావచ్చు.

లేజర్ పైపొరల్లోని రంగును తగ్గిస్తుంది, వెంట్రుకలను తగ్గిస్తుంది, లోతున ఉన్న కణాలను తీయదు. కాలక్రమంలో రంగు మళ్ళీ తేలుతుంది. కోసి తీసిన ముక్కను, క్యాన్సర్ కణాలున్నాయేమో చూసే పెథాలజీ పరీక్షకు పంపవచ్చు, లేజర్‌తో కాల్చినదాన్ని పంపలేము. మొత్తం పోతుందని హామీ ఇచ్చి అడ్వాన్సు అడిగినచోట డబ్బు కట్టవద్దు.

మత్తు విషయానికి వస్తే, మూడేళ్ళలోపు పిల్లలకు మూడు గంటలకు మించి గాని, పదే పదే గాని మత్తు ఇస్తే మెదడు ఎదుగుదల మీద ప్రభావం ఉండవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2016 డిసెంబరులో హెచ్చరించింది. ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన మత్తు వల్ల ఐదేళ్ళ వయసులో తెలివితేటల్లో తేడా కనిపించలేదని ఆ తరువాతి పరిశోధనలో తేలింది. దశలవారీ ఆపరేషన్ అంటే మత్తు కూడా దశలవారీగానే ఇవ్వాలి. అందుకని వీపు మీది మచ్చకు, ఒత్తిడి చేసే కారణం ఏదీ లేనప్పుడు, ఆగడంలో తప్పులేదని నా అభిప్రాయం. వేచి చూస్తే కొన్ని మచ్చల రంగు దానంతట అదే పలచబడుతుంది, తల మీదివి మరీను.

ఈ చర్చ చదివే ఇతర తల్లిదండ్రులకు ఒక మాట. మన పిల్లల్లో చాలామందికి నడుము కింద పుట్టుకతో కనిపించే నీలి మచ్చలు ఇవి కావు. వాటికి ఏ చికిత్సా అక్కరలేదు, కొన్నేళ్ళలో మాసిపోతాయి. పుట్టిన కొన్ని వారాలకు ఎర్రగా ఉబ్బి పెరిగే రక్తనాళాల గడ్డలు కూడా వేరు. వాటికి 2008 నుంచి ప్రొప్రనొలాల్ అనే మందు వాడుతున్నారు, కత్తి అవసరం అరుదు.

జవాబు 2: మల్కాజిగిరి అమ్మ

మా బాబుకు నుదుటి మీద మొదలై తల సగం వరకు ఇలాంటి మచ్చే ఉండేది. మేము బెలూన్ పద్ధతిలో చేయించాము. డాక్టర్ గారు వైద్యం చెప్పారు కనుక, ఇంట్లో ఎలా ఉంటుందో నేను చెబుతాను.

బెలూన్ పెట్టిన రోజు కన్నా తరువాతి వారాలే కష్టం. చెవి వెనుక చర్మం కింద ఒక చిన్న బిళ్ళ ఉంటుంది, దానిలోకి సన్నని సూది గుచ్చి సెలైన్ ఎక్కిస్తారు. ముందుగా మొద్దుబారే పూత పూసి గంటసేపు ఆగేవారు, అందువల్ల బాబు సూదికి పెద్దగా ఏడ్చేవాడు కాదు. చర్మం బిగిసి మెరుస్తూ, వేలితో నొక్కితే తెల్లబడి, ఆ తెలుపు వెంటనే ఎర్రబడకపోతే ఆ రోజుకు ఆపేసేవారు. నింపిన రాత్రి చిరాకుగా ఉండేవాడు, మర్నాటికి మామూలుగా ఆడుకునేవాడు. చివరి వారాల్లో తల ఒకవైపు బాగా ఉబ్బి కనిపిస్తుంది. బస్సులో, గుడిలో, దుకాణంలో అందరూ ఆగి అడుగుతారు. వారికి ఏం చెప్పాలో ముందే అనుకుని ఉంచుకోండి. మేము "వైద్యం జరుగుతోందండీ" అని మాత్రమే చెప్పి ముందుకు కదిలేవాళ్ళం.

తల మీంచి తొడిగే చొక్కాలు పనికిరావు, ముందు గుండీలున్నవి కుట్టించుకోవాలి. పాకే వయసులో దెబ్బ తగలకుండా ఎవరో ఒకరు వెంట ఉండాల్సిందే. జ్వరం వచ్చినా, బెలూన్ మీది చర్మం ఎర్రబడినా, బెలూన్ అంచు కనబడినా, తడి కారినా అర్ధరాత్రయినా ఆసుపత్రికి వెళ్ళాలి. మాతోపాటు వస్తున్న ఒక పాపకు చీము పట్టి, బెలూన్ తీసేసి, నెలల తరబడి ఆగి మళ్ళీ పెట్టవలసి వచ్చింది.

ఇప్పుడు వాడి నుదురు మామూలు చర్మమే, వెంట్రుకల అంచున ఒక గీత ఉంది. ముఖం మీద మచ్చ కనుక చేయించాము, అందుకు నాకు సంతృప్తిగా ఉంది. అదే మచ్చ వీపు మీద ఉంటే చేయించేదాన్ని కాదేమో. ఆపరేషన్ అంటే మచ్చ పోయి ఖాళీ చర్మం రాదండీ, మచ్చకు బదులుగా కుట్ల గీత వస్తుంది. ఏ గీత ఎక్కడ, ఎంత పొడవున వస్తుందో ముందే బొమ్మ గీసి చూపించమని సర్జన్‌ను అడగండి. భుజం, వీపు మీది గీతలు కదలిక వల్ల వెడల్పవుతాయనీ, మన చర్మతత్వం వారికి కొన్నిసార్లు ఉబ్బి కెలాయిడ్‌గా మారతాయనీ మాకు అక్కడే చెప్పారు.

జవాబు 3: పెద్దయిన ఒక అమ్మాయి, దిల్‌సుఖ్‌నగర్

ఈ చర్చలో అందరూ బిడ్డ తరఫున మాట్లాడుతున్నారు. నేను ఆ బిడ్డను. మెడ కింద నుంచి నడుము వరకు నా వీపు మీద ఆ మచ్చ ఉంది. నా చిన్నప్పుడు మెడ దగ్గరి భాగం మాత్రం తీయించి, మిగతాది నా తల్లిదండ్రులు అలాగే ఉంచారు. నాకు పదహారేళ్ళప్పుడు, మిగిలినది తీయించుకుంటావా అని అడిగారు. నేను వద్దన్నాను. ఆ నిర్ణయం నాకు వదిలినందుకు వారి మీద నాకు ఎంతో గౌరవం.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది మచ్చ కాదు, దాన్ని దాచిన తీరు. పెళ్ళిళ్ళకు వెళ్ళేటప్పుడు మా పిన్నులు నా జాకెట్టు వెనుక భాగాన్ని మెడ వరకు కుట్టించేవారు, ఎందుకో మాత్రం ఎవరూ చెప్పేవారు కాదు. పాప అడిగిన మొదటిసారే, తనకు అర్థమయ్యే మాటల్లో, దాని పేరూ కారణమూ చెప్పండి. బడిలో చేర్చేటప్పుడు టీచర్‌కు కూడా చెప్పి ఉంచండి.

రోజువారీ సంగతులు కొన్ని. ఎండాకాలంలో ఆ చర్మం బాగా దురద పెడుతుంది. నూలు బట్టలు, స్నానం కాగానే రాసే మాయిశ్చరైజర్, మధ్యాహ్నపు ఎండకు దూరంగా ఉండటం నాకు పనిచేశాయి. వెంట్రుకలను కత్తిరించినా, షేవ్ చేసినా క్యాన్సర్ రాదు, ఆ భయంతో నన్ను ఏళ్ళ తరబడి ఆపారు. నెలకొకసారి అదే వెలుతురులో, పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి ఉంచండి. గట్టి గడ్డ త్వరత్వరగా పెరిగినా, రక్తం కారినా, మానని పుండు పడినా, రంగు ఒకచోట మాత్రం వేరుగా మారినా ఆ వారంలోనే చూపించాలి. పసితనంలో వచ్చే గడ్డల్లో చాలావరకు హానిలేనివే, కాని అది మనం కళ్ళతో చూసి తేల్చే విషయం కాదు.

పెళ్ళి గురించి మీ బంధువులకు నా జవాబు ఒక్కటే. నాకు పెళ్ళయింది. నా భర్తకు మొదటి రోజే చెప్పాను.

ప్రశ్న కొనసాగింపు: ఉప్పల్ నాన్న

మీ ముగ్గురికీ చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మొదటి జవాబును మా అమ్మకు చదివి వినిపించాను. ఆమె ఏమీ మాట్లాడలేదు కాని, సాయంత్రం తనే పాపకు స్నానం చేయించి కోడలి ఒళ్ళో పెట్టింది. ఎం.ఆర్‌.ఐ. కోసం రేపే పిల్లల న్యూరాలజిస్టును కలుస్తున్నాము. రెండు సందేహాలు మిగిలాయి. ఒకవేళ తరువాత ఆపరేషన్ చేయించవలసి వస్తే, ఆరోగ్య బీమా వర్తిస్తుందా? ఇంకొకటి, మా ఇంట్లో రోజూ నూనె రాసి, సున్నిపిండితో నలుగు పెట్టి స్నానం చేయిస్తారు, మచ్చ మీద కూడా అలా చేయవచ్చా?

జవాబు 4: బీమా క్లెయిముల విభాగంలో పనిచేసిన వ్యక్తి, కూకట్‌పల్లి

బీమా గురించి నేను చెబుతాను. చాలా ప్రైవేటు పాలసీల్లో పైకి కనిపించే పుట్టుక లోపాలకూ, అందం కోసం చేసే ఆపరేషన్లకూ మినహాయింపు ఉంటుంది. క్లెయిములు ఎక్కువగా ఆ రెండు మాటల దగ్గరే ఆగిపోతాయి. కాబట్టి డాక్టర్ చీటీలో కేవలం పుట్టుమచ్చ తొలగింపు అని కాక, రోగనిర్ధారణ పూర్తి పేరు, పరిమాణం, పుండ్లు పడుతున్నాయా, మెలనోమా ప్రమాదం ఎంత, చికిత్స ఎందుకు అవసరం అన్నవి రాయించుకోండి. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రూపు పాలసీలో నిబంధనలు కొంత ఉదారంగా ఉండవచ్చు, పాప పేరు అందులో చేర్చారో లేదో ఇప్పుడే చూసుకోండి. ఏ పాలసీ అయినా ఆపరేషన్‌కు ముందే రాతపూర్వక అనుమతి తీసుకోండి.

ప్రభుత్వ వైద్యం కావాలంటే ఉస్మానియా, గాంధీ, నిమ్స్ ఆసుపత్రుల్లో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి, పిల్లల వైద్యానికి నిలోఫర్ ఉంది. తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితిని 2023 డిసెంబరులో 5 లక్షల నుంచి 10 లక్షల రూపాయలకు పెంచారు. మీకు అర్హత ఉంటే, మీ పాపకు చెప్పిన ఆపరేషన్ అందులోని ఏ ప్యాకేజీ కిందికి వస్తుందో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందుగానే అడగండి. దశలవారీ చికిత్స కనుక ప్రతి దశకూ అనుమతి విడిగా తీసుకోవాలా అన్నది కూడా అడగండి.

జవాబు 5: ప్లాస్టిక్ సర్జన్, సికింద్రాబాద్

నూనె రాయవచ్చు, మచ్చ మీద మెల్లగా, అరచేతితో. నలుగు మాత్రం ఆ భాగానికి వద్దు. ఇటువంటి మచ్చల మీది చర్మం సుకుమారంగా ఉంటుంది, పిండితో రుద్దితే రేగి చిట్లవచ్చు. మిగతా ఒంటికి మీ పద్ధతి ప్రకారం చేసుకోండి. టీకాలు షెడ్యూలు ప్రకారమే వేయించండి, సూది మాత్రం మచ్చ లేనిచోట వేయమని చెప్పండి. ఎం.ఆర్‌.ఐ. రిపోర్టు సీడీని జాగ్రత్తగా ఉంచుకోండి, ఆ తరువాత కలిసే ప్రతి డాక్టరూ మొదట అదే అడుగుతారు. తలలో నీరు చేరే సూచనలు, అంటే మాడు ఉబ్బడం, ఆగని వాంతులు, మితిమీరిన మగత కనిపించినా, మూర్ఛ వచ్చినా అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా నేరుగా అత్యవసర విభాగానికి తీసుకువెళ్ళండి.